మీకు తెలుసా? ఊరు కాదనలేని గాలిమరను పొరుగువారు ఆపించగలరు!

అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో ఇళ్ల దగ్గర పెట్టుకునే చిన్న గాలిమరలను ఊరంతటా నిషేధించే అధికారం మున్సిపాలిటీలకు లేదు. అయినా పక్కింటివాళ్లు కోర్టుకెళితే మర ఆగిపోవచ్చు!

న్యూజెర్సీలో సముద్రం ఒడ్డున బ్రిగాంటైన్ అనే చిన్న పట్టణం ఉంది. 1981లో అక్కడ ఒక కుటుంబం కరెంటు బిల్లు తగ్గించుకుందామని, అనుమతి తీసుకునే 60 అడుగుల గాలిమర పెట్టించింది. కానీ పక్కింటి హద్దుకు, దానికి మధ్య దూరం పదంటే పది అడుగులే. మర తిరగడం మొదలయ్యాక ఆ పక్కింట్లో నిద్ర కరువైంది. తలతిరుగుడు, నీరసం, ఆందోళన మొదలయ్యాయి. శబ్దం 50 డెసిబెళ్లు దాటకూడదన్నది అక్కడి నిబంధన. కొలిచి చూస్తే 56 నుంచి 61 దాకా ఉంది! కాలుష్యం లేని కరెంటు మంచిదే అయినా, ఆ చప్పుడు మాత్రం న్యూసెన్సేనని 1982లో కోర్టు తేల్చి, మరను ఆపించింది.

అలాగని ఏ ఊరికి ఆ ఊరు "మా దగ్గర గాలిమరలే వద్దు" అంటే ఎలా? అందుకే 2008లో న్యూ హాంప్‌షైర్, 2010లో న్యూజెర్సీ చట్టాలు చేశాయి. వాటి ప్రకారం, ఊళ్లోని అన్ని జోన్లలోనూ చిన్న గాలిమరలను నిషేధించడం కుదరదు. హద్దు నుంచి వదలాల్సిన దూరం మర ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు మించి అడగకూడదు. హద్దు దగ్గర శబ్ద పరిమితిని 55 డెసిబెళ్ల కంటే తక్కువగా పెట్టకూడదు. అంటే 60 అడుగుల మరకు మున్సిపాలిటీ 90 అడుగుల దూరం దాకా అడగవచ్చు. ఊరు ఈ హద్దుల దాకా అడిగి ఉంటే, ఈ లెక్కన చూసినా బ్రిగాంటైన్ మర దూరంలోనూ, చప్పుడులోనూ తప్పేది!

నెవాడాలో ఇంకో అడుగు ముందుకు పడింది. రీనో దగ్గర ఒక నివాస ప్రాంతంలో ఒకాయన 75 అడుగుల గాలిమర పెట్టబోతుంటే ఇరుగుపొరుగు అడ్డుకున్నారు. గాలి విద్యుత్తును ప్రోత్సహించే చట్టం ఉన్నా, చప్పుడు, రెక్కల నీడల కదలిక, ఇళ్ల ధరలు పడిపోవడం వంటివి చూసి, మర పెట్టకూడదంటూ కింది కోర్టు ఇచ్చిన శాశ్వత ఇంజంక్షన్‌ను 2013లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు సమర్థించింది. మర ఇంకా నిలబడకముందే తీర్పు వచ్చేసిందన్నమాట!

ఊరంతా నిషేధించడం ఎంత అన్యాయమో, పక్కవాళ్ల నిద్ర చెడగొట్టడమూ అంతే అన్యాయం. దూరానికీ, శబ్దానికీ ముందే లెక్క కట్టి పెట్టిన చట్టాలే ఇద్దరికీ మేలు చేస్తాయి. న్యూజెర్సీలో సొంత ఇళ్లున్న తెలుగువారు ఎందరో ఉన్నారు. గాలిమర ఆలోచన ఉంటే కొనేముందే మున్సిపాలిటీ నిబంధనలు చదవండి, హద్దు దాకా టేపు పెట్టి కొలవండి, పక్కింటివాళ్లతో ఒక మాట చెప్పండి. కోర్టు మెట్లెక్కడం కంటే అది ఎంతో నయం.