వార్తల్లో పదం: పోలీసు చర్య

ఏటా సెప్టెంబరు 17 రాగానే వినిపించే ఈ మాట ఒక యుద్ధానికి పెట్టిన పేరు. 1948 సెప్టెంబరు 13న నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ సంస్థానంపై మొదలైన దాడిలో విజయవాడ వైపు నుంచి వచ్చిన భారత సేనలు కోదాడ, సూర్యాపేట దారిన సాగాయి. నిజాం దొంగచాటుగా ఆయుధాలు తెప్పిస్తున్నాడన్న ఆరోపణ కట్టుకథ కాదు. ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటన్ కరాచీ నుంచి విమానాల్లో వాటిని చేరవేశాడు.  అయినా ఐదు రోజుల్లో చేతులెత్తేసిన సైన్యం భారత్‌కు ముప్పని నేననుకోను. దాడికి గట్టి సమర్థన సూర్యాపేట, మిర్యాలగూడ పల్లెలు చవిచూసిన రజాకార్ల, అంటే నిజాం పక్షాన నిలిచిన ప్రైవేటు సేన, హింసలోనే ఉంది. మరి దాడి తర్వాతి చావుల మాటేమిటన్నది న్యాయమైన ప్రశ్నే. కేంద్ర ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఆ లెక్క చూశాక కూడా రజాకార్లను ఆపాల్సింది కాదని అనలేం. జరిగినదాన్ని పోలీసు చర్య అనీ అనలేం.