చిన్న పుండు, పెద్ద గండం: ప్రాణం నిలిపేది మొదటి గంటలే

కాలిలో ముల్లు గుచ్చుకుంటుంది. రెండు రోజులకు వాపు, జ్వరం. పసుపు రాసి, నొప్పి మాత్ర వేసుకుంటాం. చాలామందికి అంతటితో తగ్గిపోతుంది. అరుదుగా కొందరిలో మాత్రం గాయం ద్వారా లోపలికి చేరిన సూక్ష్మక్రిములు చర్మం కింది కొవ్వును, కండరాలను కప్పి ఉండే పొరను వేగంగా కుళ్లబెడతాయి. వైద్యులు దీన్ని నెక్రోటైజింగ్ ఫేసియైటిస్ అంటారు. పత్రికల్లో ‘మాంసం తినే బ్యాక్టీరియా’ అని రాసేది దీని గురించే. ఇన్ని మందులు వచ్చిన ఈ రోజుల్లోనూ ఈ జబ్బు సోకినవారిలో నూటికి సుమారు 20 నుంచి 30 మంది మరణిస్తున్నారు.

ఎవరు బతుకుతారన్నది ముఖ్యంగా మూడు విషయాలపై ఆధారపడి ఉంటుంది.

మొదటిది సమయం. కుళ్లిన భాగంలో రక్తనాళాలు మూసుకుపోతాయి. రక్తం అందని చోటికి మందూ అందదు. కాబట్టి యాంటీబయాటిక్స్ ఇస్తూనే, కుళ్లినదంతా ఆపరేషన్ చేసి తీసేయాలి. ఒక్కసారితో సరిపోదు, మరుసటి రోజు మళ్లీ తెరిచి చూడాల్సి వస్తుంది. ఈ మొదటి ఆపరేషన్ 24 గంటలు దాటితే మరణాలు బాగా పెరుగుతాయి.

రెండవది ఒంటి పరిస్థితి. షుగర్, మూత్రపిండాలు లేదా కాలేయం జబ్బు, వృద్ధాప్యం, క్యాన్సర్ చికిత్స, చాలాకాలం స్టెరాయిడ్లు వాడటం ప్రమాదాన్ని పెంచుతాయి.

మూడవది ఆసుపత్రికి చేరేనాటి స్థితి. అప్పటికే బీపీ పడిపోయినా, మూత్రం తగ్గినా, మాట తడబడినా విషం ఒళ్లంతా పాకిందని అర్థం.

వయసునూ పాత జబ్బునూ మార్చలేం. ఆలస్యాన్ని మాత్రం తగ్గించగలం. పైకి కనిపించే పుండుకు మించిన నొప్పి, గంటగంటకూ పాకే వాపు, నల్లబడే చర్మం, బొబ్బలు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. నొప్పి ఉన్నట్టుండి తగ్గితే నయమైందనుకోవద్దు. అక్కడి నరాలు చచ్చిపోయి ఉండవచ్చు. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవారికి నొప్పి అసలు తెలియకపోవచ్చు కూడా.

సిగ్గు కూడా ప్రాణం తీస్తుంది. మర్మాంగాల దగ్గర వచ్చే ఇదే జబ్బును 1883లో పారిస్ వైద్యుడు ఫోర్నియే వర్ణించారు. అక్కడి సెగ్గడ్డను ఇంట్లో చెప్పుకోలేక దాచిపెట్టేవారు, ఆడవారైనా మగవారైనా, విలువైన రోజులు పోగొట్టుకుంటారు.

పేద ఇంట్లో ఆలస్యానికి మరో కారణం చేతిలో డబ్బు లేకపోవడం. అడ్వాన్సు కోసం అప్పు పుట్టేలోగా ఆపరేషన్ గడియ దాటిపోతుంది. నెల తర్వాత అందే పెద్ద మొత్తం కన్నా ఆ రాత్రి అందే చిన్న మొత్తం విలువైనది. బతికి బయటపడ్డాక కూడా వారాల తరబడి డ్రెస్సింగులు, చర్మం అతికించే ఆపరేషన్, ఆగిపోయిన కూలి ఉంటాయి. దాతలారా, మీ సాయం ఈ రెండు చోట్లా అవసరమే. అయితే ముందుగా మొదటి రాత్రికి అందాలి.