సుప్రభాతం రికార్డు మీది కుక్క

రేణిగుంటలో పాత గ్రామఫోను రికార్డులు దాచుకున్న ఇల్లుంటే, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ్వర సుప్రభాతం అందులో ఉండే తీరుతుంది. 1963లో ఆ ఎల్పీని తెచ్చిన హెచ్.ఎం.వి. వారి గుర్తు, బాకా ముందు తల వంచి కూర్చున్న కుక్క. పేరు నిప్పర్. 1884లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పుట్టింది. వచ్చినవాళ్ల పిక్కలు పట్టేదట! టెర్రియరే గానీ అచ్చమైన ఫాక్స్ టెర్రియరో సంకరమో ఇప్పటికీ తేలలేదు.

బొమ్మలో ఎంత బుద్ధిగా కనిపించినా టెర్రియర్‌ది నేల కింద పని. మన యానాదులు కలుగు నోట పొగబెట్టి ఎలుకను బయటికి రప్పిస్తారు. ఇంగ్లండు వేటలో నక్క బొరియలో దూరితే ఆ పొగ చేసే పని ఈ కుక్క చేసేది: లోపలికి దూరి, మొరిగి మొరిగి, నక్కను బయటికి తోలేది. జాన్ రస్సెల్ అనే ఆయన 1819లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటూ ఒక పాలవాడి దగ్గర ట్రంప్ అనే ఆడకుక్కను కొన్నాడు. ఆయన పేరు మీది జాక్ రస్సెల్ టెర్రియర్ జాతికి మూలం అదే. తర్వాత ఆయన పాదిరి అయ్యాడు, కుక్కల పిచ్చి మాత్రం పోలేదు. వేటలో నక్క అని పొరబడకుండా తెల్లవాటినే ఏరి పెంచేవారు. ముందుకాళ్ల వెనక ఛాతీ రెండు చేతుల పట్టులో ఇమడాలి. ఇమడకపోతే బొరియలో ఇరుక్కుంటుంది.

చెవి సంగతి ఇంకా చిత్రం. మనకు 20,000 హెర్ట్జ్ దాటితే వినబడదు, కుక్కకు దాదాపు 45,000 దాకా వినబడుతుంది. బెదిరిన ఎలుక 22,000 హెర్ట్జ్ దగ్గర అరుస్తుంది. గోడ వెనక ఏమీ లేదని మనం అనుకుంటుంటే కుక్క అక్కడే గోకుతూ కూర్చునేది అందుకే కావచ్చు. పూలకుండీ తవ్వినా, ఊరికే మొరిగినా తిట్టి లాభం లేదు. తరతరాలుగా మనిషి ఏరి పెంచిన గుణమది.

మేడమీద ఫ్లాట్‌లో కట్టేసి పెంచడానికి టెర్రియర్ పనికిరాదని నా అభిప్రాయం. రేణిగుంట మే నెల ఎండలో మధ్యాహ్నం తిప్పడం అసలే వద్దు. కుక్క ఒగర్చి తప్ప ఒంటి వేడి పెద్దగా తగ్గించుకోలేదు. ఆటలో పడిన టెర్రియర్ తనంతట తాను ఆగదు. తెల్లబొచ్చు పిల్లల్లో కొన్నింటికి పుట్టుచెవుడు ఉంటుంది, కొనేముందు పరీక్ష చేయించండి. అన్నిటికంటే ముఖ్యం, ఎలుకలు, పందికొక్కులు పట్టే కుక్కకు వాటి మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు, కుక్క నుంచి ఇంట్లోవాళ్లకూ రావచ్చు. దానికి టీకా ఉంది. తిరుపతి పశువైద్య కళాశాల పక్కనే ఉంది కాబట్టి ఏటా వేయించండి.