గిటారు నాదమునకు మెరుగులు

పెండ్లి పందిరిలోను, క్రిస్మస్ పాటల కూటములలోను, కోటప్పకొండ తిరునాళ్లలో విద్యుత్ ప్రభల వేదికలపైనను ఎలక్ట్రిక్ గిటారు మ్రోగుట నేడు మన గుంటూరు, ప్రకాశం సీమలలో వింత కాదు. అయితే దాని పలుకు మందముగా నుండి, పాటకు మించి రొద వినవచ్చినపుడు, వాయించు పిల్లవాడు వెంటనే కొత్త గిటారు కావలెననును. మిర్చి అమ్మిన పైకము ఇంకను చేతికి రాని తండ్రి చూతములే యనును. ఇద్దరి మాటయు న్యాయమే. కాని కొత్తది కొనుటకు ముందు పాతదానిలో నాదము ఎచ్చట తరుగుచున్నదో వెదకుట మేలని మేము మనవి చేయుచున్నాము. పెక్కు లోపములు కొద్దిపాటి ఖర్చుతో తీరునవే.

ముందుగా ఈ వాద్యము పలుకు తీరు చూతము. గిటారు తీగల క్రింద నుండు పికప్ అనునది అయస్కాంతము చుట్టును సన్నని రాగితీగను వేలకొలది చుట్లు చుట్టిన సాధనము. ఉక్కుతీగ కంపించినపుడు అయస్కాంత క్షేత్రము చలించి, ఆ చుట్లలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనుగొనిన సూత్రమే ఇది. ఆ విద్యుత్తు గిటారులోని మరలను, కేబులును దాటి ఆంప్లిఫయరును చేరును. ఈ దారిలో ప్రతి మెట్టు దగ్గరను నాదము కొంత చెడవచ్చును.

మొదటి మెట్టు తీగలు. వేసవి ఉక్కలో చేతి చెమట తగిలి తీగ త్రుప్పు పట్టును. దాని మెరుపుతో పాటు నాదపు మెరుపును పోవును. వాయించిన పిదప పొడి నూలుగుడ్డతో తుడుచుట, మందగించిన తీగలను మార్చుట అన్నిటికంటె చవుకైన చికిత్స. తీగల అమరిక ఎంతటి మార్పు తేగలదో మన తెలుగువారికి చెప్పనక్కరలేదు. మాండొలిన్ సంప్రదాయముగ నాలుగు జంట తీగల వాద్యము. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ జంటలను విడిచి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌పై కర్ణాటక సంగీతమును పలికించిరి. సంగీతమునకు వాద్యమును అనువుపరచుకొనుటయే అందలి కిటుకు.

రెండవది పికప్ ఎత్తు. దానికి స్క్రూడ్రైవరు చాలును. తీగకు మిక్కిలి దగ్గరైనచో అయస్కాంతము తీగను లాగి, స్వరము నిలువనీయదు, శ్రుతియు కలవరపడును. మిక్కిలి దూరమైనచో పలుకు నీరసించును. చివరి మెట్టుపై తీగను అదిమి పట్టి, తీగకును పికప్‌నకును నడుమ రెండు మిల్లీమీటర్ల ఎడముతో మొదలిడి, చెవి చెప్పినట్లు కొద్దికొద్దిగా సవరించుకొనవలెను.

మూడవది మరలు, కేబులు. రేడియోలో టోను మర త్రిప్పగా కీచుదనము తగ్గుట శ్రోతలు ఎరిగినదే. గిటారులోను అట్టి మరయే కలదు. దానిని తగ్గించినంతనే పలుకు బురదలో కూరుకొనినట్లున్నచో, లోపలి 0.047 మైక్రోఫారడ్ కెపాసిటరు స్థానమున 0.022 పెట్టి చూడవచ్చును. వెల కొద్ది రూపాయలే. వాల్యూము తగ్గించినపుడు హెచ్చుస్వరములు మాయమగుచున్నచో, వాల్యూము మరలో పికప్ తీగ వచ్చు కొనకును, నడిమి కొనకును మధ్య 0.001 మైక్రోఫారడ్ కెపాసిటరును టంకము వేయుట వాడుక. మర త్రిప్పగా గరగర వినిపించినచో ధూళి చేరినదని అర్థము. విద్యుత్ స్పర్శలను శుభ్రపరచు ద్రవము రెండు చుక్కలు చాలును. అక్కరకు మించిన పొడవు కేబులు కూడ హెచ్చుస్వరములను మ్రింగును. మూడు మీటర్లు చాలుచోట పది మీటర్లు వాడరాదు.

ఇక రొద. మీడియం వేవ్ రేడియోను ట్యూబ్‌లైటు ప్రక్కనుంచి అటునిటు త్రిప్పినచో గరగర హెచ్చుతగ్గులగును. లోపలి తీగచుట్ట ఏరియలుగా పనిచేయుటయే అందుకు కారణము. గిటారు పికప్‌ది కూడ అదే గుణము. ప్రభపై దీపముల వరుసల నడుమ నిలిచిన గిటారు గోల పెట్టుటలో ఆశ్చర్యమేమి? మరలుండు గూటిలోపల రాగిరేకును అతికించి, దానిని ఎర్తు తీగకు కలిపినచో చాలవరకు ఆ గరగర అణగును. రేకు మాత్రము పికప్ తీగ కొనలకు తగులరాదు. అయినను సన్నని హోరు కొంత మిగులును. వాయించువాడు నిలుచు దిక్కు మార్చినచో అదియు తగ్గును. రెండు చుట్టలను ఎదురెదురు తీరున కలిపి ఈ హోరును రద్దుపరచు పికప్‌ను అమెరికాలో గిబ్సన్ సంస్థకై సెత్ లవర్ 1955లో రూపొందించెను.

ఖర్చు తగ్గించుకొనరాని చోటు ఒక్కటి కలదు. హోరు పోవునని కొందరు ఆంప్లిఫయరు ప్లగ్గులోని ఎర్తు పిన్నును తీసివేయుదురు. ఇది ప్రాణాంతకము. గిటారు తీగలు సాధారణముగ ఆంప్లిఫయరు లోహపు చట్రముతో కలిసియుండును. లోపల ఇన్సులేషన్ చెడి చట్రమునకు విద్యుత్తు ప్రాకినచో, అది నేరుగ వాయించువాని వ్రేళ్లకు వచ్చును. మరియొక కనెక్షనుపై నున్న మైకునకు అతని పెదవి తగిలినచో విద్యుత్తు దేహము గుండా ప్రవహించును. తడి నేలపైన, జెనరేటరుపై నడచు తాత్కాలిక వైరింగులో ఈ ముప్పు మరింత హెచ్చు. కావున మైకులకు, ఆంప్లిఫయరుకు ఒకే ఎర్తు ఉండవలెను. 30 మిల్లీయాంపియర్లకే తెగిపోవు రక్షణ స్విచ్చు ఉండవలెను. ఈ పని ఎలక్ట్రీషియనుదే గాని పిల్లలది కాదు.

ఒక్కొక్క మార్పు చేసి, ఒక్కొక్క మారు విని చూడుడు. అన్నియు ఒకేమారు మార్చినచో మేలు దేనివలన కలిగినదో తెలియదు. ఇంతయు చేసిన పిదపను తృప్తి కలుగనిచో, అప్పుడు పిల్లవాడు తండ్రి నడుగవచ్చును. అప్పటికి వాని చెవియు తన వాద్యమును ఎరిగియుండును. ఎట్టి గిటారు కావలెనో వానికే తెలియును.