బిగిసిన పిక్కకు విషమే మందు

స్పాస్టిక్ సెరిబ్రల్ పాల్సీలో దెబ్బతినేది మెదడు, అవస్థ పడేది కండరం. పుట్టకముందో, కాన్పులోనో, పసితనంలోనో మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కండరానికి సడలమనే కబురు సరిగా అందదు. పిక్క బిగిసిపోయి మడమ నేలకు ఆనదు, పిల్లలు మునివేళ్ళ మీద నడుస్తారు. తొడ లోపలి కండరాలు బిగిస్తే కాళ్ళు కత్తెర పడతాయి. అప్పుడు లాగు తొడగడానికే తల్లి చాలాసేపు తంటాలు పడాలి.

ఈ బిగువును సడలించే బొటులినమ్ టాక్సిన్ నిజానికి విషమే. పాడైన నిల్వ ఆహారం తిన్నవారి ప్రాణాలు తీసే బ్యాక్టీరియా దాన్ని తయారు చేస్తుంది. అమెరికా కంటివైద్యుడు ఆలన్ స్కాట్ దాన్నే అతి స్వల్ప మోతాదులో మెల్లకన్నుకు మందుగా మలిచారు. 1989లో అక్కడ అనుమతి వచ్చింది. 1990ల నుంచి సెరిబ్రల్ పాల్సీ పిల్లలకూ వాడుతున్నారు.

మందు సీసాను ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. అందులో కనపడీ కనపడని పొడిని సెలైన్‌లో కరిగించి, బిడ్డ బరువును బట్టి మోతాదు కట్టి, అల్ట్రాసౌండ్‌లో కండరాన్ని చూస్తూ సూదితో ఎక్కిస్తారు. నరం కొస నుంచి కండరానికి కబురు మోసే ఎసిటైల్‌కోలిన్ బయటికి రాకుండా మందు ఆపుతుంది. కొద్ది రోజుల్లో సడలింపు మొదలై, నెలకు అటూ ఇటుగా బాగా తెలిసి, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. అప్పటికే కురచబడి గట్టిపడిన కండరానికి ఇది పనిచేయదు. మింగడంలో, ఊపిరిలో ఇబ్బంది ఉన్న పిల్లలకు ప్రమాదం కావచ్చు, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

సూది కొంత గడువు మాత్రమే ఇస్తుంది. ఆ గడువులో రోజూ మడమ పట్టుకుని పాదాన్ని మెల్లగా పైకి వంచి పిక్కను సాగదీయాలి, అవసరమైతే పిండికట్టు వేయించాలి, స్ప్లింటు తొడగాలి. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో చిక్కంతా ఇక్కడే. పత్తి తీతలకు, ఆపైన మిరప కోతలకు తల్లి తెల్లవారకముందే చేలోకి వెళ్ళాలి. కూలి మానుకుని ఫిజియోథెరపీకి తిరగడం పేద ఇంటికి చిన్న భారం కాదు. వ్యాయామం తప్పితే అది తల్లి నిర్లక్ష్యం అనడం అన్యాయం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాల్లో వ్యాయామం నేర్పిస్తారు. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చుకు వీలుంది. ఈ రెండింటి గురించీ అడిగి తెలుసుకోవాలి.

కోతలు ముగిసే రోజులకు సూది తేదీ పెట్టమని డాక్టరును అడగవచ్చు. ఆ తేదీ ఖాయం చేసుకునే ముందే, మూడు నెలలూ రోజూ ఆ చిన్న పాదాన్ని పట్టుకునేది ఎవరో ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోండి.