బొగ్గు తీశారు సరే, భూమి మాటేమిటి?

ఓపెన్‌కాస్టు గని పడ్డ ఊరికి రెండు మిగులుతాయి. ఒకటి గొయ్యి, రెండోది గుట్ట. బొగ్గు ఉన్నన్నాళ్లూ జీపులు, డంపర్లు, అధికార్లు అందరూ ఉంటారు. బొగ్గయిపోయిన తర్వాత గొయ్యీ గుట్టా మాత్రం కూలీల గుడిసెల పక్కనే ఉండిపోతాయి. ఈసారి ఆ గుట్ట సంగతే రాస్తున్నాం.

గోదావరి లోయలో టన్ను బొగ్గు పైకి రావాలంటే దానికి ఎన్నో రెట్లు మట్టీ, ఇసుకరాయీ తీసి పారబోయాలి. దీన్ని ఇంజనీర్లు ఓవర్ బర్డెన్ అంటారు, అంటే నెత్తిమీది బరువు అని. చూడండి మాట! మన తాతలు దున్నిన చెలక వాళ్ల లెక్కలో బరువు.

మొదట తవ్విన మట్టిని పోయడానికి గనిలో చోటుండదు. అందుకని బయట పోస్తారు. అట్టడుగు పొర దాకా బొగ్గు తీశాక, తవ్వుకుంటూ ముందుకు పోతూ వెనక నింపుకుంటూ రావచ్చు. ఆఖరికి చివరి గొయ్యి అట్లనే ఉంటుంది, మొదట బయట పోసిన గుట్ట కూడా అట్లనే ఉంటుంది. ఆ గుట్టను మళ్లీ ఎత్తి గోతిలో పోస్తే ఒక్క టన్ను బొగ్గు కూడా రాదు, డీజిలు ఖర్చు మాత్రం అవుతుంది. ఆ ఖర్చు ఎవరు పెట్టాలి? తగాదా అంతా ఇక్కడే ఉంది.

రైతుకు తెలిసిన విషయం ఒకటుంది. పంట పండేది పై మట్టిలోనే. ఆ అడుగూ అడుగున్నర మట్టిని ముందుగా విడిగా తీసి, తక్కువ ఎత్తులో కుప్పవేసి, జనుము, పిల్లిపెసర లాంటివి చల్లి బతికించి, గుట్ట సదును చేయగానే తిరిగి పరవాలి. ఏళ్ల తరబడి ఎత్తుగా కుప్పపోస్తే అది చచ్చిన మట్టి అయిపోతుంది. ఇసుకరాయి పొడి కింద కలిసిపోయిందా, ఇక దొరకదు. గుట్టను మెట్లుమెట్లుగా కట్టాలి, వాలు తగ్గించాలి, చుట్టూ కాలువ తవ్వి ఒండ్రు ఆగే గుంట పెట్టాలి. లేకపోతే మొదటి వానకే గుట్ట దిగివచ్చి చెరువులో కూర్చుంటుంది. ముందు గడ్డి పెరగాలి, తర్వాత వేప, కానుగ, మద్ది లాంటి మన చెట్లు. వరసగా నీలగిరి మొక్కలు పాతి ఫొటో తీసుకుంటే గుట్ట పచ్చగా కనపడుతుంది, నిజమే. ఆ ఆకు మేక కూడా ముట్టదు!

గుట్ట అంటే కంటికి అడ్డం ఒక్కటే కాదు. 1966 అక్టోబరు 21న బ్రిటన్‌లోని వేల్స్‌లో అబర్‌ఫాన్ అనే ఊరి మీదికి బొగ్గు చెత్త గుట్ట జారిపడి 144 మంది చనిపోయారు. అందులో 116 మంది పిల్లలు. ఊట నీళ్ల మీద గుట్ట పోసిన ఫలితం అది. తప్పు జాతీయ బొగ్గు బోర్డుదేనని విచారణ తేల్చింది. అయినా మిగతా గుట్టలు తీయడానికి బాధితుల కోసం జనం ఇచ్చిన చందాల నిధి నుంచే 1,50,000 పౌన్లు లాక్కున్నారు. అది తిరిగి ఇచ్చింది 1997లో. గని సర్కారుదైతే చాలు, అన్నీ సరిపోతాయనుకునే మన మిత్రులు ఈ సంగతి యాదిపెట్టుకోవాలి. మన దేశంలోనూ 2016 డిసెంబరు 29న జార్ఖండ్‌లోని రాజ్‌మహల్ ఓపెన్‌కాస్టులో మట్టి దిబ్బ కూలి 23 మంది కార్మికులు పోయారు.

చట్టాలు లేవా? ఉన్నాయి. గని మూసివేత పథకం ఉండాలని, హెక్టారుకు 6 లక్షల రూపాయల లెక్కన బ్యాంకులో విడిగా జమచేయాలని బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో మార్గదర్శకాలిచ్చింది. తవ్విన చోట మేత, మొక్కలు పెరిగేట్టు తిరిగి గడ్డి పెంచాలని, ఖర్చు గని యాజమాన్యానిదేనని సుప్రీంకోర్టు 2020 జనవరిలో చెప్పింది. గొర్లకాపరులకు ఈ తీర్పు చదివి వినిపించాలి.

బాగుచేసిన భూమి ఎవరికి అనేది అసలు ప్రశ్న. 1957 నాటి బొగ్గు భూముల చట్టం కింద తీసుకుంటే హక్కు పూర్తిగా ప్రభుత్వానికి, అక్కడ్నించి కంపెనీకి పోతుంది. బొగ్గు తీసిన భూములను కంపెనీలు లీజుకివ్వవచ్చని కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో తీర్మానించింది. ఆ జాబితాలో విద్యుత్ కేంద్రాలున్నాయి, వాషరీలున్నాయి. నిర్వాసితుల పునరావాసం కూడా ఉంది. ఆ ముక్కను మనం గట్టిగా పట్టుకోవాలి.

కైకిలికి పోయే వాళ్లకు పట్టా లేదు కాబట్టి ఏమీ రాదని ఊళ్లో పెద్దమనుషులు చెపుతుంటారు. అది అబద్ధం. 2013 భూసేకరణ చట్టం ప్రకారం, సేకరణకు ముందు మూడేళ్లు ఆ భూముల మీదనే బతికిన వ్యవసాయ కూలీలు, కౌలుదార్లు కూడా బాధిత కుటుంబాలే. ఆ చట్టం పరిహార, పునరావాస నియమాలను 2015 నుంచి బొగ్గు భూములకూ వర్తింపజేశారు.

ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులో కలెక్టరాఫీసులో పెట్టాలి. అది తెచ్చి సంఘంలో కూర్చుని చదవండి. పై మట్టి ఎక్కడ పోస్తారు, చివరి గొయ్యి ఎంత లోతు మిగులుతుంది, గుట్ట నీళ్లు ఏ ఒర్రెలోకి పోతాయి, బ్యాంకులో ఎంత వేశారు అని అడగండి. జవాబు మినిట్స్‌లో రాయించండి. ఎవరెవరు ఏ చేనులో ఎన్నేళ్లుగా కైకిలి చేస్తున్నారో ఇంటింటికీ తిరిగి ఇప్పుడే జాబితా రాసి, గ్రామసభలో తీర్మానం చేయించండి. నోటీసు వచ్చాక మొదలుపెడితే టైము చాలదు.