కొత్త ఊరిలో నివాసం – దేశ పరీక్ష

ఆయుర్వేదం నివాస ప్రదేశాన్ని ‘దేశం’ అని, దానిని మూడు విధాలని చెప్పింది. నీరు తక్కువై, గాలి పొడిగా ఉండేది జాంగలం. అక్కడ వాతపిత్తాలు ప్రబలుతాయి. తేమ అధికమైన సముద్రతీరం ఆనూపం. అక్కడ కఫవాతాలు ప్రబలుతాయి. రెండూ సమంగా ఉన్నది సాధారణం, అదే శ్రేష్ఠం.

1976లో అక్కినేని నాగేశ్వరరావు గారు హైదరాబాదులో అన్నపూర్ణ స్టూడియోస్ నెలకొల్పారు. చలనచిత్ర పరిశ్రమ మద్రాసు నుండి తరలిరాగా, అనేక కుటుంబాలు తేమగాలిని విడిచి దక్కను పీఠభూమి పొడిగాలికి అలవాటు పడవలసి వచ్చింది. నాటి రాతిగుట్టలైన జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్‌లలో నేడు సొంత ఇల్లు మధ్యతరగతికి గగనకుసుమమే.

అద్దె తక్కువని పై అంతస్తు తీసుకునేవారు ఒక సంగతి గమనించాలి. పగటి ఎండకు కాగిన కప్పు రాత్రంతా వేడిని విడుస్తుంది. నిద్ర చెడి పిత్తం పెరుగుతుంది; మిగిలిన అద్దె కూలరు కరెంటుకే సరిపోతుంది. పడమటి గోడకు నీడ, ఎదురెదురు కిటికీలు, వేసవిలోనూ నీటి వసతి ఉన్నాయేమో చూడాలి. ఇల్లు కొనేముందు ఒక వేసవి అక్కడే అద్దెకు ఉండి చూడడం ఉత్తమం.

తీరప్రాంతం నుండి వచ్చి చర్మం పొడిబారినవారు వారానికి రెండుమార్లు నువ్వులనూనెతో అభ్యంగనం చేసుకుని, భోజనంలో కొద్దిగా నెయ్యి, మజ్జిగ చేర్చుకోవాలి. ఉబ్బసం ఉన్నవారు వైద్యుని సంప్రదించిన పిదపనే ఊరు మారడం క్షేమం.